కోవర్టు అక్క

హృషీకేశ్,

ఆశీస్సులు రాయడానికి ఈసారి చేయి రాలేదు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి కాగితం మీదే తిడుతున్నాను.

ఇక్కడ చిత్తూరులో ఎవరో ఫ్లెక్సీ చించారని మన పార్టీ పిల్లలూ అవతలి పార్టీ పిల్లలూ కొట్టుకోబోయారు. నేనూ, వాళ్ళ కౌన్సిలర్ దిల్షాద్ బీ మధ్యలో నిలబడి విడదీశాం. అందరినీ కూర్చోబెట్టి, టీ తాగించి రాజీ చేశాం. టౌన్ పార్టీ కార్యదర్శిగా అది నా పని. నువ్వేమో హైదరాబాదులో నీ చానల్ కెమెరా ముందు కూర్చుని, "అక్కయినా సరే, కోవర్టు కోవర్టే!" అని అరిచావు.

మరునాడే మన పిల్లలు రాజీ గీజీ లేదంటూ కర్రలు పట్టుకుని వెళ్ళారు. అలా వెళ్ళినవాళ్ళలో మన ఎదురింటి ముకుందం కొడుకు నారాయణ్‌కు తల పగిలింది.

మన టౌన్ పార్టీ అధ్యక్షుడు నన్ను పిలిపించి, తలుపు వేసి మెల్లగా చెప్పాడు: "నువ్వు సేసింది మంచిదేమ్మా. కానీ నీ తమ్ముడి నోట్లో పడితే నేను గూడా మిగల్ను. ఆ చానల్‌కి పోయి, తప్పయిపోయిందని ఒక మాట చెప్పేసి రా."

పార్టీని నడిపేది ఆయనా, నువ్వా? చెప్పనన్నాను. పదవి పీకేశారు. పీకనీ.

నిన్న ఆసుపత్రిలో నారాయణ్‌కు బత్తాయి రసం తాగిస్తుంటే, కట్టు కట్టిన తల ఎత్తి అడిగాడు: "నిజం చెప్పత్తా, నువ్వు వాళ్ళకి అమ్ముడు పోయినావా?"

నువ్వు బస్సెక్కి రా. కెమెరా లేకుండా వాడి మంచం పక్కన కూర్చుని జవాబు చెప్పు. అంతవరకు నన్ను అక్కా అని పిలవకు.