మా ఇంట్లో మట్టి నిలవదు

బెజవాడ, 1946

మే 20
ఈ రోజు నుంచి నా బతుకు వ్యవసాయానికే! బాపట్లలో కొత్తగా పెట్టిన వ్యవసాయ కాలేజీకి దరఖాస్తు పంపాను. వచ్చే నెల 24న ఇంటర్వ్యూ. సీటు వస్తే బాపట్ల. రాకపోతే నాన్న పక్కన బట్టల కొట్లో కూర్చోవడం. ఇది నాన్న పెట్టిన షరతు.
"నేతపని వాళ్ళం. మనకి పొలమెక్కడ ఏడ్చిందిరా మల్లేశా?" అన్నాడు.
లేదు కనకనే చదవాలన్నాను. ఈ మాట నాకే నచ్చింది.
చదువుకి వేళలు పెట్టుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి మట్టి. పదింటికి పైరు. సాయంత్రం పురుగు.

మే 22
పుస్తకంతో పని జరగదు. మట్టిని కళ్ళారా చూడాలి. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్ళి ఎర్రమట్టి తెచ్చాను. కంకిపాడు నుంచి నల్లరేగడి. బందరు నుంచి వస్తూ ఏడుకొండలు మామయ్య చౌడుమట్టి తెచ్చాడు. మూడూ మూటలు కట్టి వసారాలో వరసగా పెట్టాను. చూస్తుంటే సగం సీటు వచ్చేసినట్టే ఉంది!

మే 26
ఐదింటికి లేవలేదు. కిరసనాయిలు రేషను. చీకట్లో చదివితే కళ్ళు పోతాయి. తెల్లవారాక చదువుదామంటే ఎండ. మధ్యలో మంచి సమయం ఒకటి ఉండాలి, వెతుకుతున్నాను.
పెరట్లో బచ్చలి తీగ మీద పచ్చపురుగు దొరికింది. సీసాలో పెట్టి ఆకులు వేశాను. ఒకటే తినడం. నాకంటే దానికే పట్టుదల ఎక్కువ.

జూన్ 2
నల్లరేగడి మూట లేదు. అమ్మనడిగాను.
"పొయ్యి నెర్రెలిచ్చింది నాయనా. నీ మట్టి ఎంత బంకగా ఉందో! మెత్తేశా."
పొయ్యి ముందు కూర్చుని కాసేపు నల్లరేగడిని పరిశీలించాను. అమ్మ దిబ్బరొట్టె పెట్టింది. పరిశీలన ఆగింది.

జూన్ 6
ఎర్రమట్టి అరుగులకి ఎక్కింది. చుట్టాలొస్తున్నారట. అరుగు బాగానే ఉంది. దాని మీద పడుకుని పైరు గురించి చదువుదామనుకున్నాను. కృష్ణ గాలి చల్లగా వేసింది. అంతవరకే గుర్తుంది.

జూన్ 11
సబ్బు ఎక్కడా దొరకడం లేదు. అమ్మ చౌడుమట్టితో నా పంచె ఉతికింది. కోప్పడదామని వెళ్ళాను. పంచె తళతళలాడుతోంది. కోప్పడలేకపోయాను. ఇంటర్వ్యూకి అదే కడతాను.

జూన్ 17
పురుగు చచ్చిపోయింది. నాలుగు రోజులుగా ఆకు వెయ్యడం మరిచిపోయాను. నిజంగా బాధేసింది. ఈ పూట చదువు లేదు.

జూన్ 24
ఇంటర్వ్యూ. ముగ్గురు పెద్దమనుషులు. ఒకాయన గాజు గిన్నెలో నల్లమట్టి చూపించి, "ఇది దేనికి పనికొస్తుంది?" అన్నారు.
"పొయ్యి మెత్తడానికండి."
రెండో గిన్నెలో చౌడు.
"పంచెలకండి."
"పైరుకి పురుగు పడితే ఎలా చంపుతావు?"
"నా దగ్గరైతే దానంతటదే చచ్చిపోయిందండి."
మూడో ఆయన పంచె చాలా తెల్లగా ఉందన్నారు. ఆశ పెట్టుకోవచ్చా?

జూలై 3
కార్డు వచ్చింది. సీటు లేదు. నాన్న రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

జూలై 4
షరతు షరతే. పొద్దున్నే కొట్టుకి వెళ్ళాను. బట్టకి కంట్రోలు రోజులు, బీరువాలు సగం ఖాళీ. ఒకాయన జాకెట్టు గుడ్డ అడిగాడు. కొలుద్దామని గజంబద్దకి చెయ్యి చాపాను. నాన్న ఇవ్వలేదు.
"సీటు రాలేదుగా నాన్నా."
"మళ్ళీ ఏడు రాదని రాశారా ఆ కార్డులో? ఇది చేతికొస్తే వదలదురా. రైల్వేలో పని దొరికేదాకా నాలుగు రోజులు పట్టుకోమని మా నాన్న ఇచ్చాడు నాకు. అప్పటికి నాదీ నీ వయసే."
గుడ్డ తనే కొలిచి చించాడు. నాకు ఏడుపొచ్చింది. బేరానికి వచ్చినాయన ముందు బాగుండదని గోడవైపు తిరిగాను.

జూలై 5
ఈ రోజు నుంచి మళ్ళీ మొదలు! ఐదింటికి లేవాలనుకున్నాను. ఆరున్నరకి లేచాను. వసారాలో నాన్న కళ్ళజోడు పెట్టుకుని నా పుస్తకం తిరగేస్తున్నాడు.
"ఇదేమిట్రా, కాగితాలు ఇంకా అంటుకునే ఉన్నాయి?" అన్నాడు.
చాకు తెచ్చి, కొత్త పుస్తకానికి కొయ్యకుండా వదిలిన అంచులు ఒక్కొక్కటే విడదీశాడు. మొదటి పేజీ పైకి చదివాడు. రెండోది నన్ను చదవమన్నాడు. కొట్టు తెరిచేసరికి పది దాటింది.