పచ్చ కనకాంబరం దగ్గర కాపలా

అనూ, నేను డ్యూటీకి పోతున్నాను. సాంబారు వేడి చేసుకో. పదకొండింటికి మన మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులోని కనగం పిన్ని సారం ఏరియా నుంచి వస్తుంది, మొక్కలు చూడటానికట. ఆదివారం నేనింట్లో ఉంటాను, అప్పుడు రమ్మంటే కుదరదంది. నేను లేనప్పుడే రావాలని ఏముంది?

ఆమెను మిద్దె మీద ఒంటరిగా వదలకు. కాఫీ ముందే కలిపి ఫ్లాస్కులో పోసి పైకి తీసుకుపో. పోయినసారి ఆమె సంచీలో తడిగుడ్డ కనిపించింది. చూసిపోయేవాళ్లకు తడిగుడ్డ ఎందుకు? ఆమె వెళ్లాక చూస్తే మల్లెకొమ్మ ఒకటి ఏటవాలుగా తెగి ఉంది. అడిగితే ఇవ్వనా? అడగదు. అడిగి తెచ్చుకున్న కొమ్మ నాటుకోదని, చెప్పకుండా తుంచుకున్నదే బతుకుతుందని ఆ గ్రూపులో అందరికీ ఒకటే పిచ్చి.

ఈసారి ఆమె కన్ను మీ అమ్మమ్మ ఇచ్చిన పచ్చ కనకాంబరం మీద ఉంది. "యాడ తెచ్చినావక్కా దీన్ని? మా పక్క యాడా చూడలేదే" అని అప్పుడే రెండుసార్లు అడిగింది. అమ్మ పోయాక నాకు మిగిలింది అదొక్కటే. ఆ తొట్టి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చో.

ఇది రాసి నీళ్లు పోయడానికి పైకి వెళ్లాను. కనకాంబరం మొదలు నల్లబడింది. వేరు కుళ్లిపోయింది, ఇక నా చేతిలో నిలవదు. పైన రెండు కొమ్మలు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. కనగం ఇంట్లో మన మల్లె ఎలా పూస్తోందో గ్రూపులో చూశావుగా. ఫ్లాస్కు వద్దు. ఆమె వచ్చాకే కిందికి దిగి కాఫీ కలుపు. పాలు నిదానంగా కాగనీ.