మూడు తర్వాత ఆఁ

నాన్నా,

మా బ్యాండు ఆల్బమ్ నిన్న విడుదలైంది. ఫోన్లో చెబితే సగం వినకుండానే నీ లారీ జట్టు మొత్తానికీ చాటింపు వేస్తావని ఉత్తరం రాస్తున్నాను. ఇది ఎవరికీ చూపించకు.

అట్ట మీద నలుగురిలో ఎడమ చివర ఉన్నది నేనే. లోపల తొమ్మిది పాటలున్నాయి. ఒక్కదాంట్లోనూ డ్రమ్స్ వాయించింది నేను కాదు.

రికార్డింగ్ అయిన వారానికి సౌండ్ ఇంజనీరు నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి నా వాయింపు నాకే వినిపించాడు. "చూడు బాబూ, పాట ఊపందుకున్న చోటల్లా నువ్వు పరిగెడుతున్నావు. మిగతా ముగ్గురూ నీ వెనక పడి రొప్పుతున్నారు" అన్నాడు. నిజమే నాన్నా. పదకొండేళ్ళు ఒకే షెడ్డులో వాయించాం. నేను పరిగెడితే వాళ్ళూ పరిగెత్తారు. హార్డ్ రాక్ అంటే అదే, మా సత్తా అదే అని నలుగురమూ నమ్మాం.

తర్వాత ఎవరో అద్దె డ్రమ్మరు వచ్చి రెండు రోజుల్లో తొమ్మిదీ వాయించి వెళ్ళాడట. మా పాటగాడు, నువ్వు గొంతునొప్పి అని పేరు పెట్టినవాడు, నా మొహం చూడలేక తలుపు వైపు తిరిగి చెప్పాడు. "ఫోటోల్లో నువ్వే ఉంటావులేరా" అన్నాడు. నిన్న విడుదల సభలో చప్పుడు రాకుండా డ్రమ్స్‌కి గుడ్డలు చుట్టి, రికార్డు చేసిన పాట వస్తుంటే ఊరికే చేతులు ఊపమన్నారు. ఊపాను. జనం ఈలలు వేశారు. తల కొట్టేసినట్టయింది.

నాది ఒక్కటి ఉంచారు. మొదటి పాటకు ముందు నేను చెప్పిన లెక్క. చిన్నప్పుడు నీతో లారీ ఎక్కి, మీరు బరువులు ఎత్తేటప్పుడు విని నేర్చుకున్నదే. "ఒకటి, రెండు, మూడు, ఆఁ!" మన ఇంట్లో నాలుగు ఎప్పుడూ లేదుగా. అందరూ నాలుగు అంటారని బ్యాండులో చేరాకే నాకు తెలిసింది. వాళ్ళకది తమాషాగా ఉందట.

ఇక రానని వాళ్ళతో చెప్పేశాను. వచ్చే నెల మొదట్లో బయల్దేరతాను. ఇళ్ళ సామాన్లు మోసే నీ జట్టులోనే నాకో చోటు చూడు. బీరువాకు అవతలి పక్క నువ్వుంటే నేను పరిగెత్తను.

నీ కొడుకు


ఒరేయ్ దరువూ,

నీ ఉత్తరం కంటే ముందే నీ పాటలు వచ్చాయి. లారీ డ్రైవరు ఫోన్లో పెడితే అందరం చుట్టూ చేరి విన్నాం. నీ లెక్క వినపడగానే ఒకటే గోల. వాయింపు మొదలైన కాసేపటికే నాకు అర్థమైపోయింది. అంత పద్ధతిగా నువ్వు ఏనాడూ అన్నం కూడా తినలేదురా. అయినా బయటపడకుండా, వాయించేది మావాడే అన్నాను. ఇక ముందూ అలాగే అంటాను.

నేనూ నీ దగ్గర ఒకటి దాచాను. నా నడుము పోయి ఏడు నెలలైంది. వాషింగ్ మెషీన్ దించుతుంటే మెట్ల మీదే కూలబడ్డాను. బకెట్టు కూడా ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఇప్పుడు లారీ పక్కన స్టూలు వేసుకుని తాళ్ళూ దుప్పట్లూ చూసుకుంటున్నాను. పాతవాడినని జాలిపడి ఉంచుకున్నారు. నా చోటులోకి వేరే మనిషి వచ్చేశాడు. నీకు చోటు అడిగే మొహం నాకు లేదు. బీరువాకు అవతలి పక్క నేను లేనురా, ఇక ఉండను కూడా. రావద్దని చెప్పలేను. వచ్చి ఏం చేస్తావో నాకు తోచడం లేదు. ఏడుపొస్తోంది.

నిన్న మూడో అంతస్తులో పెద్ద బీరువా ఎత్తాల్సి వచ్చింది. కనీసం లెక్కయినా చెబుదామని పైకి వెళ్ళాను. మెట్లెక్కేసరికి నొప్పికి లెక్క చెప్పలేక గోడకు ఆనుకున్నాను. డ్రైవరు నీ మొదటి పాట పెట్టి ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. "ఒకటి, రెండు, మూడు, ఆఁ!" అన్నావు. బీరువా పట్టుకున్న నలుగురూ ఒక్కసారే ఎత్తారు. గోడ దగ్గర నిలబడ్డ నా చేతులు కూడా లేచాయిరా, ఉత్తివే.

నాన్న