పెద్దయ్య మోటారు

నవంబరు 10
పొద్దున్నే చూస్తే బోరులో నీటిమట్టం కొలిచే టేపు మీద చీమలు బారు కట్టాయి. ఈ ఇంట్లో నేను కాక దాన్ని ముట్టుకున్నవి అవే.

నా ఎం.టెక్. ప్రాజెక్టు: ఎండాకాలంలో వేడినీళ్ళను భూమిలో దాచితే చలికాలం దాకా అక్కడే ఉంటాయా, పారిపోతాయా? కంప్యూటర్లో మోడల్ కట్టి తేల్చాలి. ఇంటి వెనక పాత బోరే ప్రయోగశాల. కరెంటు వచ్చినప్పుడల్లా అందులో నీటిమట్టం పడిపోతోంది. దొంగ దొరికాడు: కంచె అవతల పెద్దయ్య మోటారు! అది ఎంత తోడుతుందో రేపే అడుగుతాను. 21న రివ్యూ. తప్పితే సెమిస్టరు గోవిందా.

నవంబరు 11
కంచె దాకా వెళ్ళాను. పెద్దయ్య మిరపచేలో మందు కొడుతున్నాడు. పనిలో ఉన్నవాళ్ళను కదిలించకూడదని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు.

నవంబరు 13
ఈసారి ఖాళీగా కూర్చున్నాడు. విశ్రాంతిలో ఉన్నవాళ్ళనైతే అసలే కదిలించకూడదు.

నవంబరు 15
అడగడం కన్నా ఊహించడం శాస్త్రీయం. ఐదు హార్స్‌పవర్ వేశాను. కుదరలేదు. ఏడున్నర. ఊహూఁ. పది అనగానే లెక్క అతికినట్టు సరిపోయింది! మోడల్లో నా వేడినీళ్ళన్నీ పెద్దయ్య మిరపకు పారుతున్నాయి. చెట్టు మీదే ఉడికిన మిరపకాయలు. రైతుకు ఎంత సాయం!

నవంబరు 17
గైడ్ ఫోను.
"ఆ పది హార్స్‌పవర్ నువ్వు చూశావా అమ్మా?"
"చూశాను సార్."
"అయితే ఫొటో పెట్టు."

నవంబరు 18
కంచె మీదుగా ఫోను చాపుతుంటే వెనక నుంచి పెద్దయ్య గొంతు.
"ఏందమ్మా, దొంగచాటుగా తీస్తాండావు? నాకేమన్నా సంబంధం చూస్తాండావా?"
"మోటారు... పెదనాయనా."
"మోటారా! కాలిపోయి దసరా నుంచి షెడ్డులో పండుకోని ఉంది తల్లీ. గిద్దలూరు మెకానిక్కు ఇదిగో అదిగో అంటాడు. నా మిరప ఎట్ల వాడిందో చూడలా? నీళ్ళన్నీ గుంజేది మీ నాయనే. పండగ ముందర మీ నిమ్మతోటలో పది హార్స్‌పవర్‌ది దింపినాడు గదా. నీకు చెప్పలా?"

రెండుసార్లు కంచె దాకా వెళ్ళాను. వాడిన చేను కనపడలేదు. పరిశోధకురాలిని కదా.

నవంబరు 19
మోడల్లో మోటారును కంచె ఇవతలికి జరిపాను. అంకె ఒప్పే, ఇల్లే తప్పు. రోజుకు ఎంతసేపు నడుస్తుందని అమ్మను అడిగాను. "నాకేం తెలుసు? ఆయన్నే అడుగు" అంది.

రేపు ఉదయమే నాయనను అడుగుతాను. ఈసారి తప్పదు! ఐదు నిమిషాల పని.

నేను ఎం.టెక్.లో చేరినప్పటి నుంచి నాయనకూ నాకూ మాటల్లేవు.