పదిహేడో రోజు గుడ్లు

పిట్టా,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ పెద్దమ్మా కులాసాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వంటింటి కుళాయి పెద్దమ్మే వచ్చి బాగుచేసింది. ఇప్పుడు వేణ్నీళ్ల వైపు చన్నీళ్లు వస్తున్నాయి. తను మాత్రం ఘనకార్యం చేసినట్టు తిరుగుతోంది. నా మోకాలు ఫరవాలేదు, ల్యాబు మెట్లు ఎక్కేటప్పుడే గుర్తుకొస్తుంది.

మా బల్లుల పరిశోధన వ్యాసాన్ని సైన్సు పత్రికవాళ్లు తీసుకున్నారు. బల్లి వేళ్లు లెక్కపెట్టడానికి పదకొండేళ్లు ఎందుకమ్మా అని మళ్లీ ఎగతాళి చేశావు. మా దగ్గరున్న రెండు రకాల బల్లులూ దగ్గరి చుట్టాలే. ఒకదాని కాలికి ఐదు వేళ్లు, రెండోదానికి రెండే. గుడ్డులో కాలు ముందు చిన్న మొగ్గలా వస్తుంది, రెండింటికీ ఒకేలా. కానీ రెండోదానిలో, వేళ్లు మొలిపించే జన్యువు పదిహేడో రోజునే పని ఆపేస్తుంది. ఆ కొన్ని గంటల్లోనే గుడ్డు తెరిచి చూస్తే అది ఆగడం కనబడుతుంది. ఆ రోజు తప్పితే మళ్లీ ఏడాదికి గానీ గుడ్లు దొరకవు. గుడ్డు మీద పెన్సిల్‌తో చుక్క పెట్టి, దొర్లకుండా తడి ఇసుకలో పడుకోబెట్టి, రోజులు లెక్కపెట్టుకోవడమే నా ఉద్యోగం.

ఈ ఉత్తరం అలాంటి ఒక పదిహేడో రోజు గురించే. ఫోన్‌లో చెప్పబోయి రెండుసార్లు పెట్టేశాను.

దూరాన వచ్చిన ఆ వంతెన కట్టే పని వద్దనుకుని ఇంటికి వచ్చేస్తానని రాశావు. "అమ్మకు దూరంగా వెళ్లొద్దని పిల్లకి చెప్పు" అన్నది నాన్న చివరి మాట కాబట్టి ఇంక ఆలోచించేదేమీ లేదన్నావు.

నాన్న ఆ మాట అనలేదు. నేను కల్పించాను.

నాలుగేళ్ల కిందట, నాన్న పోయిన ఆ మధ్యాహ్నం, నేను ల్యాబులో ఉండగా ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. "త్వరగా రండి మేడమ్, ఊపిరి సరిగా అందట్లేదు" అంది. అప్పటికి ఎనిమిది గుడ్లలో మూడు తెరిచాను. రెండు మూడు రోజులకు ఢోకా లేదని డాక్టరు పొద్దుటే చెప్పారు. "పని ముగించుకుని వస్తాను" అన్నాను. మిగతా ఐదూ తెరవడానికి నలభై నిమిషాలు పట్టింది. చేతులు కడుక్కుని అప్పుడు బయల్దేరాను. పని చేస్తున్నంతసేపూ చెయ్యి వణకలేదు. నన్ను ఇప్పటికీ తినేస్తున్నది అదే.

నేను వెళ్లేసరికి ఆయన ముఖం మీదికి దుప్పటి లాగేశారు. పక్కన వార్డు ఆయా ఉంది. చివరిదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆవిడే. ఏమన్నా అన్నారా అని అడిగాను.

"ఆవిడ వచ్చిందా అని రెండుసార్లు అడిగారమ్మా. మొదటిసారి, వస్తున్నారండీ అన్నాను. రెండోసారి, వచ్చేశారని అబద్ధం చెప్పాను. ఏం చెయ్యను మరి?" అంది.

సాయంత్రం నువ్వు రైలు దిగి వచ్చి, "నాన్న ఏమన్నారమ్మా?" అని నా భుజం పట్టుకున్నావు. నేను పక్కన లేనని చెప్పడానికి నోరు రాలేదు. దూరంగా వెళ్లొద్దన్న ఆ మాట వచ్చింది. అదే మాట ఎందుకు వచ్చిందో తర్వాత అర్థమైంది. నువ్వు కూడా వెళ్లిపోతావేమోనన్న భయం నాది. దాన్ని తీసుకెళ్లి ఆయన నోట్లో పెట్టాను. నాలుగేళ్లుగా నువ్వు దగ్గరి ఊళ్లలో చిన్నాచితకా పనులే ఒప్పుకుంటుంటే, చూస్తూ ఊరుకున్నాను.

మొన్న పెద్దమ్మకు చెప్పబోయాను. సగంలోనే ఆపేసింది. "ముందు పిల్లకి రాయవే. నాకు తర్వాత చెబుదువుగాని" అంది.

ఆ ఎనిమిది గుడ్లే మా వ్యాసానికి ఆధారం. వ్యాసం చివర కృతజ్ఞతల్లో నాన్న పేరు రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను.

నువ్వు దూరమెళ్తే నాకేమీ బెంగ ఉండదని రాస్తే అది ఇంకో అబద్ధం. ఉంటుంది. దాని సంగతి నేను చూసుకోవాలి, నువ్వు కాదు. ఆ ఆయా ఇంకా అదే వార్డులో ఉంది. నిన్న వెళ్లి కలిశాను. నువ్వు ఫోన్ చేస్తే జరిగింది జరిగినట్టు చెబుతానంది. నంబరు ఈ కాగితం వెనక రాశాను.

వంతెనవాళ్లకు ఇరవయ్యో తేదీలోగా జవాబివ్వాలన్నావు. నాకు జవాబు రాయాలని నీకు అనిపించకపోతే రాయకు. వాళ్లకు మాత్రం రాయి. వెళ్తానని రాసినా, రానని రాసినా, అది నీ మాటై ఉండాలి.

ఇట్లు,
ఆ రోజు సమయానికి రాని
నీ అమ్మ