బాటకి ఇంత వెడల్పెందుకు

భీమన్న మావకి,

టైడా నుంచి మన కొండ మీదుగా టూరిస్టులు నడిచే బాట వేస్తామని నన్ను కూలికి పెట్టుకున్నారు. మనిషి నడవడానికి రెండడుగులు చాలు. నాచేత సర్వే రాళ్లు మాత్రం నీ కాఫీ తోటకి అవతల పాతించారు. తోటంతా బాటలో కలిసిపోయింది. ఎందుకని అడిగితే సూపర్‌వైజర్ నవ్వాడు. "ఏటిరా గుంటడా, ఇంజనీరువా? బేగి పాతు."

వాళ్లని నమ్మను. సోమవారం కాగితం పట్టుకుని నీ ఇంటికొస్తారు. నీ ఇంట జీలుగు కల్లు తాగినవాడి మాట నువ్వు కాదనవు. ఆ సంగతి వాళ్లకి గొప్పగా చెప్పిన వెధవని నేనే.

ఈసారి కల్లు పొయ్యకు. మంచినీళ్లిచ్చి, వేలిముద్ర వెయ్యనని వాకిట్లోనే చెప్పి పంపించు. పరువు పోయిందనిపిస్తే నన్ను తిట్టు. తోటలో కూర్చుని తిట్టు, పడతాను.

నీ మేనల్లుడు