మొదటి కొడవలి

సైదమ్మక్కా,

నీ మెడ పట్టుకొని ఏడవాలని ఉన్న నీ చెల్లెలు జానమ్మ రాస్తున్నది. ఈ కాగితం గాజుల గుర్వయ్యతో పంపుతున్నాను. టపాలో వేస్తే మిలిటరీ క్యాంపువాళ్లు విప్పి చూస్తారట. చదివాక పొయ్యిలో పెట్టు. చిన్నప్పుడు మిషన్ బడిలో మనిద్దరం అక్షరాలు దిద్దింది ఇలా దడుచుకుంటూ రాసుకోవడానికేనా అనిపిస్తున్నది.

నీ మరిది మైసయ్యను పట్టుకుపోయారు అక్కా. మిలిటరీ వచ్చింది, రజాకార్ల పీడ పోయిందని ఊరంతా సంబరపడ్డాం. ఆ సంబరం ఇంకా తీరకముందే, పట్నం పారిపోయిన దొర అదే మిలిటరీ వెంట జీపులో దిగాడు. సంఘంలో తిరిగినవాళ్లను వేలు పెట్టి చూపించాడు. మైసయ్యతో పాటు మా వాడకట్టు మగవాళ్లందరినీ లారీ ఎక్కించారు. లారీ రామన్నపేట దిక్కు పోయిందంటారు. క్యాంపు ఎక్కడో గుర్వయ్యకు తెలుసు గానీ, మమ్మల్ని ఆ దరిదాపులకు రానివ్వరట.

ఇక్కడేమో చెరువు కింద వరి పండి ఒరిగింది. పాత కూలికే కోయాలని దొర చాటించాడు. సంఘం ఉన్నప్పుడు కూలి పెరిగిన మాట నిజమే. కానీ అప్పుడు కూడా ఆడవాళ్లకు మగవాళ్లకిచ్చే వడ్ల కొలతలో సగమే. ఒకే మడి, ఒకే ఎండ, నా నడుము ఒక్కటే సగం వంగిందా అని మైసయ్యను నిలదీశాను. "ముందుగాల దొర సంగతి తేలనియ్యి, మీ ముచ్చట తర్వాత జూద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆ కొన్నాళ్లు ఇప్పుడు తిరిగిస్తే బాగుండు.

మొన్న నాగులమ్మ పెద్దమ్మ వాకిట్లో ఆడవాళ్లమంతా కూర్చున్నాం. మగవాళ్లు లేరు కనుక మన కూలి మనమే చెబుదాం, సంఘం మగవాళ్లకు ఇప్పించిన కూలి మనకూ ఇస్తేనే కొడవలి పట్టుదాం అనుకున్నాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

అమ్మ పోయాక మునుం పెద్దను నేనే కదా. వరుస కట్టి నిలబడ్డాక మునుం పెద్ద వంగి మొదటి పిడికెడు కోస్తే తప్ప ఎవరూ కొడవలి వేయరు. ఒకసారి ఆమె వంగిందా, ఇక ఎవరూ నిలబడి ఉండరు. అది దొరకు తెలుసు. అందుకే తన మనిషి ఐలేశాన్ని మా ఇంటికి పంపాడు.

"క్యాంపుల నుంచి ఒక్కర్నే ఇడిసిపెడ్తరట జానమ్మా. గా ఒక్కడు నీ మొగడే కావాల్నంటె నువ్వు వంగు. లేకపోతె ఆయిన్ని ఏ జైలుకు తోల్తరో నాకు గూడ తెల్వది. గీ ముచ్చట ఎవ్వరికి చెప్పకు" అన్నాడు.

అక్కా, నేను వంగుతాను. వాకిట్లో అంత పెద్ద మాటలు మాట్లాడిన నేనే వంగుతాను. నా మొహాన ఉమ్మేస్తే ఉమ్మేయనీ. నాకిప్పుడు న్యాయం వద్దు, నా మనిషి కావాలి. నన్ను అసహ్యించుకోకు.

నీ జాని

*

అక్కా,

నేను అనుకున్నది జరగలేదు. జరిగింది చెబుతాను. చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

కోత రోజు మడిలో దిగి కుడి కొసన నిలబడ్డాను. గట్టు మీద ఐలేశం, పక్కన తుపాకులు పట్టిన జవాన్లు. చెప్పకుండా వంగడానికి మనసు ఒప్పలేదు. పక్కనున్న నాగులమ్మ పెద్దమ్మతో మెల్లగా అన్నాను. "పెద్దమ్మా, నన్ను తిట్టకు. నేను వంగుత. మైసయ్యనొక్కన్ని ఇడుస్తమన్నరు."

ఆమె నా మొహం వైపు వింతగా చూసింది. "మైసయ్యనా? నా కొడుకునొక్కన్ని ఇడుస్తమన్నడు గదనే! నువ్వు వంగకపోతె నేనన్న వంగుదమని ఒచ్చిన" అన్నది.

ఆమె పక్కన బాలనర్సమ్మ ఆ మాట విని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెకూ అదే మాట చెప్పాడట. వరుస చివరిదాకా ఒకరినొకరు అడుగుతూ పోయారు. ఐలేశం తొక్కని గడప లేదు. ప్రతి ఒక్కరం ఆ ఒక్కడు మనవాడే అనుకుని, పక్కదాన్ని మోసం చేద్దామని వచ్చినవాళ్లమే.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఐలేశం, గా ఒక్కడెవడో గిప్పుడే అందరి ముంగట చెప్పు. వాని మనిషే వంగుతది" అని అరిచాను. వాడు జవాన్ల వెనక్కి జరిగాడు. మా భాష తెలియని జవాను ఒకడు తుపాకీ ఎత్తాడు. ధైర్యంతో కాదు, నిలబడలేకనే గట్టు మీద కూలబడ్డాను. నన్ను చూసి అందరూ కూర్చున్నారు. మునుం పెద్ద ఏం చేస్తే అదే కదా మరి.

పొద్దుగూకేదాకా అలాగే కూర్చున్నాం. ఎండకు గింజ రాలుతున్నది, పడమట మబ్బు పట్టింది. చివరికి దొర కబురు పంపాడు. ఈ కోతకు మటుకు సంఘం నాటి మగవాళ్ల కూలే మాకూ ఇస్తాడట. మర్నాడు వాన పడకముందే నేను వంగాను. సంఘం కూడా ఇప్పించలేని కొలత మా కొంగుల్లో పడింది. నాగులమ్మ పెద్దమ్మ నవ్వుతూ నా బుగ్గలు పుణికింది.

నేను నవ్వలేదు అక్కా. వాళ్లెవరికీ చెప్పనిది ఒకటుంది. కూర్చున్న రోజు పొద్దున పొలానికి పోతుంటే గుర్వయ్య ఎదురొచ్చాడు. నేను వంగితే విడిచిపెడతామని అక్కడ మైసయ్యకూ చెప్పారట. క్యాంపు కంచె పక్కనుంచి ఆయన చెప్పి పంపిన మాట నా చెవిలో వేశాడు. "జానిని వంగుమను. దెబ్బలకు ఓర్సుకుంటలేను."

ఆ మాట విన్నాకనే మడిలోకి దిగాను. అది చెవిలో మోగుతుండగానే గట్టు మీద కూర్చున్నాను. ఐలేశం చెప్పింది అబద్ధమని ఆయనకు ఎవరు చెబుతారు? కూలి కోసం జాని నిన్ను వదిలేసిందని చెప్పేవాళ్లే ఉంటారు. తెచ్చిన వడ్లు దంచలేదు, ముట్టుకోలేదు. తలుపు చప్పుడైతే ఆయనేనేమోనని భయం. ఆయన కాదేమోనని అంతకంటే భయం.

నీ చెల్లెలు
జానమ్మ